పులిసిన చేపల మ్యూజియానికి వెళ్లడం సబబేనా?

ప్రశ్న (తిరుపతి):
మా అబ్బాయి స్టాక్‌హోంలో ఉద్యోగం చేస్తున్నందువల్ల ఆగస్టులో నేనూ మా శ్రీమతీ స్వీడన్ వెళుతున్నాం. అక్కడికి ఉత్తరాన 500 కిలోమీటర్లకు పైగా దూరంలో, ఓర్న్‌షోల్డ్స్‌విక్ దగ్గరి స్కెప్స్‌మాలెన్ అనే మత్స్యకారుల పల్లెలో, పాతకాలపు చేపలవేటనూ 'సుర్‌స్ట్రోమింగ్' అనే పులిసిన చేపనూ గురించి చెప్పే చిన్న మ్యూజియం ఉంది. అది చూడాలని నాకు ఎంతో కోరిక. పక్కింట్లో ఎండుచేపలు వేయిస్తేనే కిటికీలు మూసే మా శ్రీమతిని అంత దూరం తీసుకెళ్లవచ్చునా?

సమాధానం (సూళ్లూరుపేట):
తప్పకుండా తీసుకెళ్లండి సార్. నేను పులికాట్ ఒడ్డున పెరిగినవాణ్ణి. మనకు ఉప్పుకూ ఎండకూ కొదవ లేదు కాబట్టి, నెత్తళ్ళను ఇసుక మీద పరిస్తే కొద్ది రోజులకే గలగలమంటాయి. బాల్టిక్ తీరంలో అంత ఎండ లేదు. ఉప్పేమో ఒకప్పుడు ఖరీదైన సరుకు. అందుకే అక్కడివారు చేప కుళ్లకుండా ఉండేటంత మాత్రమే ఉప్పు వేసి, మిగతా పనిని పులియడానికి వదిలారు. వసంతకాలంలో, గుడ్లు పెట్టే ముందు పట్టిన చిన్న హెర్రింగ్ చేపలను ఉప్పునీటిలో ఊరవేస్తే, చేపలోని ఎంజైములూ ఉప్పును తట్టుకునే బ్యాక్టీరియా కలిసి వాటిని పులియజేస్తాయి. డబ్బాలో మూసిన తరువాత కూడా అది ఆగదు గనుక, రాత్రి రుబ్బిపెట్టిన ఇడ్లీ పిండి తెల్లవారేసరికి పొంగినట్లే, ఆ రేకు డబ్బా ఉబ్బుతుంది. చేతిలో ఉన్న కొద్దిపాటి ఉప్పుతో ఏడాది తిండిని కాపాడుకున్న ఆ నేర్పును గౌరవించకుండా ఉండలేను.

సమాధానం (చిత్తూరు):
అన్నయ్య గారూ, మ్యూజియం చూడడం వేరు, డబ్బా తెరవడం వేరు. స్వీడన్ వారు కూడా దానిని ఆరుబయటే తెరిచి, పలుచని రొట్టె, బంగాళాదుంప, ఉల్లిపాయలతో తింటారు. ఆగస్టు మూడో గురువారానికి ముందు కొత్త సరుకు అమ్మరాదన్న నిబంధన 1998లో తొలగిపోయినా, ఆ ఆనవాయితీ ఇంకా నిలిచే ఉంది. డబ్బాను మాత్రం విమానంలో తేవాలని చూడకండి. 2006లోనే ఎయిర్ ఫ్రాన్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ దానిని నిషేధించాయి. చిన్న మ్యూజియాలు చాలావరకు వేసవిలోనే తెరిచి ఉంటాయి కనుక, బయలుదేరే ముందు వేళలు కనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు:
మా శ్రీమతికి చదివి వినిపించాను. ఇడ్లీ పిండి సంగతి విన్నాక, మ్యూజియం వరకు వస్తానన్నది. మూడో గురువారం దాటిన తరువాతి రోజులకు రైలు టికెట్లు చూడమని అబ్బాయికి చెబుతున్నాను.