హన్మకొండ చెరువుల్లో పచ్చ హైడ్రా దొరుకుతుందా? పగడాల మీద ఒక సందేహం కూడా

అందరికీ నమస్తే. హన్మకొండలో హైస్కూల్ పిల్లలకు బయాలజీ చెప్తాను. సైన్స్ ఫెయిర్‌కి పగడాల బ్లీచింగ్ (తెల్లబడిపోవడం) మీద ప్రాజెక్ట్ చేస్తామని మా తొమ్మిదో తరగతి వాళ్లు పట్టుబట్టారు. సముద్రమేమో మనకు ఎక్కడో ఉంది, థర్మాకోల్ మోడల్ అంటే నాకు విసుగు. అందుకే పగడాలకు చుట్టమైన పచ్చ హైడ్రాను, అంటే చెరువు నీళ్లలో బతికే ఓ చిన్న జీవిని చూపిద్దామనుకుంటున్నా. పగడం ఒంట్లో సింబియోడినియేసి కుటుంబపు నాచు ఉన్నట్టే దీని కణాల్లో క్లోరెల్లా అనే పచ్చ నాచు ఉంటుంది. మైక్రోస్కోప్ కింద ఆ పచ్చ చుక్కలు విడివిడిగా కనపడతాయి.

వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువుల్లో నీటి మొక్కల ఆకుల అడుగున ఎవరికైనా దొరికిందా? ఏ నెలల్లో వెతకాలి? పగడంలా ఇది కూడా వేడికి తెల్లబడుతుందా, చీకట్లో పెట్టాలా?

ఇక సందేహం. నీళ్లు మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు ఉంటే చాలు, నాచులో కిరణజన్య సంయోగక్రియ దెబ్బతిని, పగడం తనకు తిండి పెట్టే ఆ నాచునే వదిలించుకుంటుంది. ఇంతవరకు చెప్పగలను. డురుస్డినియం రకం నాచు వేడికి తట్టుకుంటుంది కానీ దానితో పగడం ఎదుగుదల తరచూ మందగిస్తుందనీ చెప్పాను. బ్యాక్టీరియా దగ్గరే ఆగిపోయా. ఎండోజోయికోమోనాస్ అనే బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న చాలా పగడాల్లో ఎక్కువ, ఒత్తిడిలో చాలాసార్లు తగ్గుతుంది. అది తగ్గినందుకు పగడం జబ్బుపడుతుందా, జబ్బుపడ్డాక అది తగ్గుతుందా అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే, జవాబు నా దగ్గర లేదు. 1998, 2010, 2016లో తెల్లబడిన లక్షద్వీప్ పగడాల మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.