క్రియాటినిన్ 1.3 ఉంటే కిడ్నీకి దెబ్బ తగిలినట్టేనా?

ప్రశ్న (దేవరకొండ): మా నాన్నగారికి 68 ఏళ్లు, సన్నటి మనిషి. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ గోళీలు వేసుకుంటున్నారు. మొన్న విరేచనాలై నీరసించిపోతే నల్లగొండలో రక్తపరీక్ష చేయించాము. క్రియాటినిన్ (కిడ్నీలు రక్తం నుంచి వడకట్టే వ్యర్థం) 1.3 వచ్చింది, పోయిన నెల 0.8 ఉండేది. ల్యాబు కాగితం ప్రకారం హద్దుకు దగ్గరే ఉంది కదా, ఆగవచ్చా? కిడ్నీ పనితీరు చూసే మరో రక్తపరీక్ష, సిస్టాటిన్ సి కూడా అవసరమా?

సమాధానం 1: ఆగవద్దండీ. కేడిగో (కిడ్నీ వైద్యానికి మార్గదర్శకాలిచ్చే అంతర్జాతీయ సంస్థ) 2012 మార్గదర్శకాల ప్రకారం క్రియాటినిన్ 48 గంటల్లో డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినా, వారం లోపల పాత అంకెకు ఒకటిన్నర రెట్లయినా అది కిడ్నీకి అకస్మాత్తుగా తగిలిన దెబ్బే. మీ నాన్నగారిది పోయిన నెల అంకెకు ఒకటిన్నర రెట్లు దాటింది, విరేచనాలు మొన్నటివే గనుక ఈ పెరుగుదలా ఈ మధ్యదే అనుకోవాలి; కాబట్టి కిడ్నీకి హాని చేయగల ఆ గోళీలు ఆపి, రెండు రిపోర్టులూ తీసుకుని ఇవాళే డాక్టరును కలవండి.

సమాధానం 2 (మహబూబ్‌నగర్, ల్యాబు టెక్నీషియన్): క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది కనుక, కండ తక్కువున్న పెద్దవారిలో కిడ్నీ మందగించినా అంకె మామూలుగానే కనిపించవచ్చు, పైగా దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజులకు గాని అది పెరగదు. సిస్టాటిన్ సి కండరాలపై అంతగా ఆధారపడదు, అయితే స్టెరాయిడ్లు, థైరాయిడ్ తేడాలు దానినీ మారుస్తాయి. కిడ్నీ దెబ్బను చూపే మరో పరీక్ష ఎన్‌గాల్, అది గంటల్లోనే పెరుగుతుంది గాని మామూలు ల్యాబుల్లో దొరకదు. ఇప్పుడు మీకు కావలసింది కొత్త పరీక్ష కాదు, రేపు మళ్లీ క్రియాటినిన్, దానితోపాటు పొటాషియం.

సమాధానం 3: మూత్రం కూడా కొలవండి. 50 కిలోల మనిషికి ఆరు గంటల్లో 150 మిల్లీలీటర్ల కన్నా తక్కువ వస్తే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి.