స్టార్టర్‌తో మామిడిపండు మఫిన్లు: సబ్బు రుచి ఎందుకొస్తోంది?

విజయవాడ_వంటిల్లు
అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సోర్‌డో స్టార్టర్ (బ్రెడ్డు పొంగడానికి పిండి, నీళ్లు కలిపి పులియబెట్టి పెంచే ముద్ద) ఇప్పటికి బాగా నిలదొక్కుకుంది, బ్రెడ్డు చక్కగా వస్తోంది. మేత వేసే ముందు, అంటే కొత్త పిండి, నీళ్లు కలిపే ముందు, తీసేసే పిండిని పారబోయడానికి మనసొప్పక ఫ్రిజ్‌లో ఒక సీసాలో పోగేస్తున్నాను. నిన్న దాంతో మామిడిపండు మఫిన్లు చేశాను. మైదా 180 గ్రాములు, స్టార్టర్ 120, పంచదార 120, నూనె 75, గుడ్లు రెండు, చిన్న రసాల గుజ్జు ఒక కప్పు. పిండి పుల్లగా ఉంది కదా అని వంట సోడా ఒకటిన్నర టీస్పూన్లు వేశాను.

నా ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) ఒక వాయికి ఆరే పడతాయి. మొదటి ఆరూ పొంగి, బయటికి తీయగానే నడుమ కుంగాయి. రెండో వాయి అసలు లేవలేదు, విరిస్తే లోపల హల్వా ముద్దలా ఉంది. రెండు వాయిలూ ఇటుక రంగు, తిన్నాక నాలుక మీద సబ్బు రుచి. మా అత్తయ్యగారు ఒక ముక్క నోట్లో వేసుకుని మంచినీళ్లు అడిగారు. వచ్చే ఆదివారం పాప పుట్టినరోజుకి 24 చేయాలి. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పండి.

పులిసినపిండి
అక్కా, సోడా చాలా ఎక్కువైంది. సమానంగా పిండి, నీళ్లు పోసి పెంచిన స్టార్టర్ 120 గ్రాములు అంటే అందులో పిండి 60, నీళ్లు 60. ఆ పులుపుకి అర టీస్పూను సోడా సరిపోతుంది. ఇంకా పొంగు కావాలనిపిస్తే సోడా పెంచకండి, ఒక టీస్పూను బేకింగ్ పౌడర్ వేయండి. విరగడానికి పులుపు దొరకని సోడా పిండిలో అలాగే ఉండిపోతుంది. మీకు తగిలిన సబ్బు రుచి, ఇటుక రంగు దానివే.

రెండో వాయి సంగతి వేరు. సోడా తడి పులుపుని తాకిన క్షణం నుంచే బుడగలు పుడతాయి. మొదటి వాయి కాలుతున్న అరగంటలో ఆ బుడగలన్నీ గిన్నెలోనే పోయాయి. మీలాగే నాదీ చిన్న ఓవెనే. నేను తడివన్నీ ఒక గిన్నెలో, పొడివన్నీ ఒక గిన్నెలో పెట్టుకుని, సగం సగం తూచి, ఏ వాయికి ఆ వాయి కలుపుతాను. ఓవెన్ వేడెక్కాకే కలపాలి. కలపడం కూడా పది పన్నెండు తిప్పులే. పొడి పిండి అక్కడక్కడా కనిపించినా ఫర్వాలేదు. బాగా గిలక్కొడితే మైదా సాగి మఫిన్ రబ్బరులా అవుతుంది.

రసాయనం_టీచర్
పై మాటకి ఒకటి కలుపుతాను. స్టార్టర్‌లో ఉండేది లాక్టిక్ ఆమ్లం, కొంత అసిటిక్ ఆమ్లం. నిన్న తీసిన పిండికీ రెండు వారాలు ఫ్రిజ్‌లో ఉన్న పిండికీ పులుపులో చాలా తేడా ఉంటుంది. అందుకే అందరికీ ఒకే కొలత కుదరదు. నేను ముందు ఒక చెంచాడు స్టార్టర్ గిన్నెలో తీసుకుని చిటికెడు సోడా వేసి చూస్తాను. పాత పిండి బుసబుసా నురగెత్తి చెంచా మీదకి ఎక్కుతుంది. తాజా పిండి నాలుగు బుడగలు వేసి ఊరుకుంటుంది. అలా ఊరుకున్న రోజు సోడా పావు టీస్పూనుకి తగ్గించి, బేకింగ్ పౌడర్ మీద ఆధారపడతాను.

పచ్చి పిండి కాబట్టి నోట్లో వేసుకుని రుచి మాత్రం చూడొద్దు. సీసాలో పైన బూడిదరంగు నీళ్లు తేలితే కలిపేసి వాడుకోవచ్చు. గులాబీ, నారింజ చారలు గానీ బూజు గానీ కనిపిస్తే మొత్తం పారేయాల్సిందే.

గోదారిగట్టు
సోడా గురించి చెప్పేశారు, నేను పండు గురించి చెబుతా. మామిడిపండులో 80 శాతం పైన నీరే. కప్పు రసాల గుజ్జు పోస్తే ఆ పిండి గరిటజారుగా అయిపోతుంది. మఫిన్ పిండి అలా జారకూడదు, చెంచాతో తీస్తే ముద్దగా పడాలి. హల్వా ముద్ద దానివల్లే.

రసాలే కావాలంటే గుజ్జుని మందపాటి బాణలిలో సన్నసెగ మీద దగ్గరికి రానివ్వండి. గరిటతో గీస్తే బాణలి అడుగు కనిపించి, ఆ గీత వెంటనే మూసుకోకుండా నిలవాలి. అప్పటికి కప్పు అరకప్పు అవుతుంది, వాసన కూడా చిక్కబడుతుంది. అది పూర్తిగా చల్లారాకే వాడాలి. ముక్కలకైతే కండ గట్టిగా ఉన్న బంగినపల్లి మంచిది. నేను చేసేది ఇంకో పద్ధతి: ఆత్రేయపురం మామిడి తాండ్రని శనగగింజంత ముక్కలు కోసి, మైదాలో దొర్లించి వేస్తాను. కాలాక ఒక్కో ముక్క మెత్తబడి పంటికి సాగుతుంది. మా పిల్లలు మఫిన్ విరిచి ముందు అవే ఏరుకుంటారు.

డాలస్_తెలుగమ్మాయి
మేం బ్లూబెర్రీలతో చేస్తాం. మొదట్లో పండు చుట్టూ ఆకుపచ్చ మచ్చలు వచ్చేవి, బూజేమోనని ఒక ట్రే మొత్తం పడేశాను! తర్వాత తెలిసింది, సోడా ఎక్కువైతే ఆ పండు రంగే నీలంగా, ఆకుపచ్చగా మారుతుందట. సోడా తగ్గించాక మచ్చలు పోయాయి. ఫ్రీజర్‌లో పండ్లయితే కరగనివ్వకుండా గడ్డగానే, చివర్లో కలపండి.

తెనాలి_శాకాహారి
గుడ్డు లేకుండా ఎవరైనా చేశారా? పెరుగు వేయొచ్చా?

పులిసినపిండి
చేశానండి. ఒక్కో గుడ్డుకి బదులు బాగా మగ్గిన అరటిపండు గుజ్జు 60 గ్రాములు. తొక్క మీద నల్లమచ్చలు పడిన అమృతపాణి నాకు బాగా కుదిరింది. స్టార్టర్ పులుపు ఎలాగూ ఉంది, పైన పెరుగు వేస్తే పులుపు మీద పులుపు. దాని బదులు పాలు పోయండి.

గోదారిగట్టు
అరటిపండుకి నాదీ ఓటు. అనాస వేసేవాళ్లు మాత్రం పచ్చి ముక్కలు వేయకండి. పాలు, పెరుగు తగిలితే చేదెక్కుతుంది. పంచదారతో పది నిమిషాలు ఉడికించి, ఆ రసం వడకట్టేసి ముక్కలు వేస్తే ఏ గొడవా లేదు. సీతాఫలం వద్దే వద్దు, వేడి తగిలితే చేదు. మంచి పండ్లు ఆరు పాడుచేసుకున్నాను.

డాలస్_తెలుగమ్మాయి
ఎవరూ రాత్రంతా పులియబెట్టడం గురించి చెప్పలేదే? మైదా, స్టార్టర్, పాలు, నూనె, పంచదార రాత్రే కలిపి ఉంచి, పొద్దున గుడ్లు, సోడా, పండ్లు కలిపితే రుచి ఎంతో బాగుంటుంది.

రసాయనం_టీచర్
రుచి నిజమే అమ్మా. కానీ మే నెలలో విజయవాడలో పాలు కలిపిన పిండిని రాత్రంతా బయట పెట్టమని నేను చెప్పను. ఫ్రిజ్‌లో అయితే సరే. పుట్టినరోజుకి వచ్చేది చిన్నపిల్లలు కాబట్టి పులుపు తక్కువున్న పద్ధతే మేలని నా అభిప్రాయం. ఈ ఎండలకి స్టార్టర్ మూడు నాలుగు గంటల్లోనే పొంగి దిగిపోతుంది, మేత కూడా ఎక్కువ వేయండి: ఒక వంతు స్టార్టర్‌కి ఐదు వంతులు పిండి, ఐదు వంతులు నీళ్లు.

విజయవాడ_వంటిల్లు
ఆదివారం అయిపోయింది, అందుకే ఆలస్యం. నాలుగు వాయిలు, ఏ వాయికి ఆ వాయి కలిపాను. చెంచా పరీక్షలో నా పిండి బాగా పొంగింది, కాబట్టి 12 మఫిన్లకి సోడా అర టీస్పూను, బేకింగ్ పౌడర్ ఒకటి, ఉప్పు పావు. రసాల గుజ్జు దగ్గరికి చేసింది అరకప్పు, పాలు 60 మిల్లీలీటర్లు. ముందు 200 డిగ్రీల మీద ఆరు నిమిషాలు, తర్వాత 180కి తగ్గించి 15 నిమిషాలు. పుల్ల గుచ్చితే శుభ్రంగా వచ్చింది. పైన గోపురంలా లేచి చిన్న పగులు, లోపల పసుపు రంగు. సబ్బు రుచి లేదు.

ఒక్క లోపం, మొదటి వాయిలో వేడిమీద కాగితం తీస్తే సగం మఫిన్ కాగితానికే అంటుకుంది. చల్లారాక తీసినవన్నీ విడిగా వచ్చాయి. అత్తయ్యగారు రెండు తిని, మూడోది రేపటికని డబ్బాలో దాచుకున్నారు. గోదారిగట్టు గారూ, తాండ్ర ముక్కలు మైదాలో దొర్లించినా నాకు కొన్ని అడుక్కి దిగాయి. ఇంకా చిన్నగా కోయాలంటారా?

గోదారిగట్టు
కోయండి. సగం ముక్కలు పిండిలో కలిపి, మిగతా సగం కప్పుల్లో పోశాక పైన చల్లండి.