పదకొండేళ్ల జిమ్మిని ఉంచుకోవాలా, వేరే ఇల్లు చూడాలా?

నైంనగర్ కిరాయిదారు
మూడు వారాల కింద వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున నడకకు పోతే ఒక నల్ల ల్యాబ్రడార్ కుక్క కనిపించింది. మూతి మొత్తం తెల్లబడింది, మెడ చుట్టూ బెల్టు ఒరుసుకున్న గుర్తు ఉంది కానీ బెల్టు లేదు. జంతువులకు సాయం చేసే గ్రూపు పిల్లలకు ఫోన్ చేస్తే "మా దగ్గర జాగా లేదు అన్నా, ఇల్లు దొరికేదాకా పది రోజులు మీరే ఉంచండి" అన్నారు. టామీ, రాజా, బ్రూనో, సీజర్ అని అన్ని పేర్లూ పిలిచి చూశాం, చెవి కదపలేదు. మా అమ్మ విసిగిపోయి "ఏం రా జిమ్మీ" అన్నదో లేదో తోక నేలకేసి టపటపా కొట్టింది.

డాక్టరు పళ్లు చూసి పది, పదకొండేళ్లు ఉంటాయన్నారు. తుంటి కీళ్లు అరిగిపోయాయి. రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.9, అంటే కిడ్నీలు సగానికి పైగా పోయినట్టే, ఇది నయమయ్యేది కాదు, రోజూ సెలైన్ పెడుతూ కాపాడుకుంటూ రావడమే అన్నారు. ఇప్పుడు ఆ పిల్లలు అడుగుతున్నారు, దత్తత తీసుకుంటారా, వేరే వాళ్లను చూడమంటారా అని. నా జీతం 28 వేలు, కిరాయి ఇల్లు, రెండో అంతస్తు. ఓనరు ఇప్పటిదాకా ఏమీ అనలేదు. ఏడిపించే కథలు వద్దు, లెక్క చెప్పండి.

కరీంనగర్ పోరడు
అన్నా, తిట్టుకున్నా సరే చెప్తున్నా, తీసుకోవద్దు. నెలకు మందులు, పరీక్షలు కలిపి నాలుగైదు వేలు ఎటూ పోతాయి, పోయినా అది బాగుపడదు. అదే పైసలతో మీ గల్లీలో నాలుగు ఆడకుక్కలకు ఆపరేషన్, రేబిస్ టీకాలు చేయిస్తే మొత్తం వాడకే మేలు. ఇంకోటి, వచ్చేసారి మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ పోతే నాలుగు రోజులు దానికి సెలైన్ ఎవరు పెడతారు? పక్కింటోళ్లు అన్నం పెడతారేమో, సూది పొడుస్తారా? జాలి వేరు, నెలల తరబడి రోజూ చెయ్యడం వేరు.

సుబేదారి అక్క
తమ్ముడు లెక్క తప్పని అనను, జాతర ప్రశ్న అయితే నిజంగా మంచి ప్రశ్న. కానీ వీధికుక్కల డబ్బుతో పోల్చడం దగ్గర నాకు తేడా కొడుతుంది. ఆయన జిమ్మిని వద్దంటే ఆ నాలుగు వేలు ఆపరేషన్లకు పోతాయా? పోవు, ఇంటి ఖర్చులో కలిసిపోతాయి, మనందరికీ తెలుసు.

మా ఇంట్లో కిడ్నీ జబ్బు పామేరియన్‌ను ఏడాదిన్నర చూసుకున్నాను. ఎక్కువ కష్టమనిపించేది సూది కాదు, నీళ్లు. గిన్నెలకు గిన్నెలు తాగుతుంది, అంతే పోస్తుంది, రాత్రి రెండుసార్లు లేవాలి. ఇల్లు పాడవుతోందని కొందరు నీళ్లు తగ్గిస్తారు, ఆ పని మాత్రం చెయ్యకండి, కిడ్నీలు నీళ్లను పట్టి ఉంచలేకే అది అంత తాగుతుంది. సెలైన్ మొదటి రోజు నా చేతులు వణికాయి. మెడ వెనక చర్మాన్ని గుడారంలా ఎత్తి పట్టి కిందకు సూది దింపాలి, ఎక్కుతుంటే భుజం మీద మెత్తగా ఒక మూట కడుతుంది, సాయంత్రానికి కరిగిపోతుంది. నాలుగో రోజుకు టీవీ చూస్తూ పెట్టాను.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. దాన్ని బతికించాలని పట్టుపట్టి చివరి నెలలో తిననంటే నోట్లో కుక్కాను, ప్రతి వారం రక్తం తీయించాను. దత్తత అంటే ఎంతకాలమైనా లాగుతానని మాటివ్వడం అనుకున్నాను. అది కాదు. నొప్పి లేకుండా చూస్తాను, మళ్లీ ఇల్లు మార్చను అని మాటివ్వడం, అంతే. ఆ లెక్కన చూస్తే ఖర్చు కూడా తగ్గుతుంది తమ్ముడూ.

మామునూరు స్టూడెంట్
మామునూరు వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను, ఇంకా డాక్టరును కాదు, మీ డాక్టరు మాటే ఫైనల్. కానీ ఇక్కడ ఎవరూ అడగని విషయం ఒకటి ఉంది. జిమ్మి రెండు జబ్బులూ ఒకదానికొకటి అడ్డం. కీళ్ల నొప్పికి మామూలుగా ఇచ్చే మెలాక్సికామ్ లాంటి మాత్రలు కిడ్నీకి దెబ్బ. కాబట్టి కుంటుతోందని మెడికల్ షాపులో ఏదో ఒకటి తెచ్చి వేయకండి, మనుషుల బ్రూఫెన్ అసలే వద్దు. గాబాపెంటిన్ లాంటి దారులున్నాయి, డాక్టరును అడగండి.

తిండి విషయం: బొక్కలు ఆపేయండి, వాటిలో ఫాస్ఫరస్ ఎక్కువ. అన్నం, ఉడికించిన గుడ్డు తెల్లసొన మేలు, అది కూడా ఎంతో డాక్టరును అడిగే. ఉల్లిగడ్డ ఉన్న కూర ఏ కుక్కకూ పెట్టొద్దు, రక్తకణాలు పగిలిపోతాయి. ఇంకా, కిడ్నీ ఎందుకు పాడైందో తెలియదు కదా, లెప్టోస్పైరోసిస్ అనే అంటురోగం ఉందేమో పరీక్ష చేయించండి. అది మూత్రం నుంచి మనుషులకు అంటుతుంది, అప్పటిదాకా గ్లవ్స్ లేకుండా తుడవకండి.

కాజీపేట జంక్షన్
వదిలేసి పోయినోడి మీద కేసు పెట్టాలి ముందు.

సుబేదారి అక్క
1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో ఉంది, ఆకలితో దాహంతో బాధపడేలా వదిలేయడం నేరమే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. జిమ్మి ఒక్క పూట సెలైన్ దానికంటే ఎక్కువ.

కరీంనగర్ పోరడు
50 రూపాయలా! మిర్చి బజ్జీల ప్లేటు కూడా రాదు. సరే అక్కా, "మళ్లీ ఇల్లు మార్చను" అన్న మాట దగ్గర తగ్గుతున్నా. కానీ అన్న పేరు మీద మొత్తం భారం రాయొద్దు. ఆ గ్రూపోళ్లను సగం ఖర్చు రాతలో ఒప్పుకోమనండి, జాతర రోజుల్లో ఎవరు వస్తారో పేరుతో సహా. ఫోన్ మాటలు ఆర్నెల్లలో మర్చిపోతారు.

నైంనగర్ కిరాయిదారు
అందరికీ థాంక్స్. నిన్న గ్రూపు పిల్లలతో మాట్లాడాను, పరీక్షల ఖర్చు వాళ్లది, తిండి మందులు నావి అని కాగితం రాసుకున్నాం. సూది నేర్చుకోవడానికి వాళ్లలో ఒక అమ్మాయి ఆదివారం వస్తానంది, జాతర రోజులు కూడా ఆమెవే. తిననన్న రోజు ఏం చెయ్యాలో ఇప్పుడే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోమని మా ఆవిడ అంటోంది, అది కరెక్టే.

లెప్టో నెగెటివ్ వచ్చింది. ఇంకో సాయం కావాలి. గ్రానైట్ మీద వెనక కాళ్లు జారి పడుతోంది, గోనె సంచులు వేస్తే అవి కూడా దాంతోపాటే జారుతున్నాయి. కొత్తవాడ వైపు జంపఖానా ముక్కలు అమ్మేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి, ఉతుక్కునేవి అయితే చాలు. అమ్మ మంచం నుంచి తలుపు దాకా పద్నాలుగు అడుగులు, కొలిచాను.