ఇంగ్లిష్ వికీపీడియాలో తెలుగు సినిమా వసూళ్ల అంకె మీద రివర్టుల గొడవ: ఎలా తేల్చుకోవాలి?

గోదారిగట్టు (ప్రశ్న)

నమస్తే అండీ. ఇంగ్లిష్ వికీపీడియాలో ఒక తెలుగు సినిమా వ్యాసం గురించి. సినిమా పేరు అక్కర్లేదు, ఈ సమస్య చాలా సినిమాలకి ఉన్నదే. ఇన్ఫోబాక్స్‌లో (వ్యాసం పక్కన ఉండే సమాచార పెట్టెలో) ప్రపంచవ్యాప్త గ్రాస్ ₹265 కోట్లు అని ఉంది. దానికి ఇచ్చిన మూలం, నిర్మాణ సంస్థ వేసిన పోస్టర్‌ని యథాతథంగా రాసిన ఒక వెబ్‌సైట్ వార్త. ఒక జాతీయ దినపత్రికలో మాత్రం ₹210 కోట్లు అని ఉంది. అంకె మార్చి ఆ పత్రిక మూలం జోడిస్తే, ఇంకో వాడుకరి రివర్ట్ చేసి (నా మార్పు తీసేసి పాతది పెట్టి) దిద్దుబాటు సారాంశంలో "వాండలిజం" అని రాశారు. మళ్లీ పెడితే మళ్లీ తీశారు. ఈ రోజు లెక్కలో నావి రెండు రివర్టులు, అవతలివారివి మూడు. నా చర్చ పేజీలో ఎడిట్ వార్ (దిద్దుబాట్ల కొట్లాట) హెచ్చరిక మూస, అంటే టెంప్లేట్ కూడా పడింది.

మూడు దాకా రివర్ట్ చెయ్యొచ్చు అంటారు కదా, ఇంకొకటి చేస్తే తప్పా? ఏ అంకె ఉండాలో అడ్మిన్‌ని అడిగితే తేల్చేస్తారా? మా వాట్సాప్ గ్రూపులో కొందరు వికీలో రాసేవాళ్లున్నారు, వచ్చి మద్దతు ఇస్తామంటున్నారు. పిలవొచ్చా?

చర్చపేజీ_ముందు

ముందు రివర్టులు ఆపెయ్యండి. మూడు అనేది మీకు ఇచ్చిన కోటా కాదు. 24 గంటల్లో ఒకే పేజీలో మూడుకి మించి రివర్ట్ చేస్తే బ్లాక్ దాదాపు ఖాయం అని ఆ నియమం ఉద్దేశం. అంతకన్నా తక్కువ చేసినా, పద్ధతి చూస్తే కొట్లాట అని తెలిసిపోతుంటే బ్లాక్ చెయ్యొచ్చు. 24 గంటలు దాటిన పది నిమిషాలకి నాలుగోది చేసి తప్పించుకుందామనుకునేవాళ్లని అడ్మిన్లు ఇట్టే పట్టేస్తారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ప్రతిసారీ అదే వాక్యం కానక్కర్లేదు. అదే పేజీలో ఇంకెక్కడో ఇంకొకరు రాసింది కొంత తీసేసినా లెక్కలోకి వస్తుంది.

"నా మూలం మంచిది" అన్నది మినహాయింపు కాదు. స్పష్టమైన వాండలిజం, కాపీరైట్ ఉల్లంఘన, బతికున్న వ్యక్తుల గురించి మూలం లేకుండా రాసిన హానికరమైన మాటలు, ఇలాంటి కొద్దిపాటి వాటికే మినహాయింపు. మూలంతో పెట్టిన అంకె ఎవరు పెట్టినా వాండలిజం కాదు. అవతలివారు ఆ మాట వాడటం తప్పే. కానీ మీరు కూడా అదే మాట తిరిగి అంటే, రేపు మీ ఇద్దరి సారాంశాలూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకి తేడా కనపడదు.

అడ్మిన్ సంగతి: ఏ అంకె సరైనదో అడ్మిన్ తేల్చరు. వాళ్ల చేతిలో ఉన్నది బ్లాక్, పేజీ సంరక్షణ (ఎవరు రాయొచ్చో పరిమితం చెయ్యడం). సంరక్షించేటప్పుడు ఆ క్షణంలో ఏ వెర్షన్ ఉంటే సాధారణంగా అదే ఉండిపోతుంది. అది ఆమోదముద్ర కాదు. సెమీ ప్రొటెక్షన్ వేస్తే నాలుగు రోజులు, పది దిద్దుబాట్లు దాటిన ఖాతాలు రాయగలవు. ఎక్స్‌టెండెడ్ వేస్తే 30 రోజులు, 500 దిద్దుబాట్లు ఉండాలి.

కాబట్టి దారి వ్యాసం చర్చ పేజీయే. అక్కడ ఎలా రాస్తారన్నదాని మీదే సగం ఫలితం ఉంటుంది. "ఫలానావారి తప్పుడు మార్పులు" అని శీర్షిక పెడితే చర్చ అక్కడే చెడిపోతుంది. "గ్రాస్ అంకెకి మూలాలు" అని పెట్టండి. కింద ఇలా రాయొచ్చు, ఇంగ్లిష్‌లో రాసుకోండి:

"ఇన్ఫోబాక్స్‌లో ఇప్పుడు ₹265 కోట్లు ఉంది. ఆ మూలం అంకెని నిర్మాణ సంస్థ చెప్పినట్టుగా రాసింది. ఫలానా తేదీ ఫలానా పత్రిక తన అంచనాగా ₹210 కోట్లు రాసింది. నా ప్రతిపాదన: ఇన్ఫోబాక్స్‌లో ₹210–265 కోట్లు, వసూళ్ల విభాగంలో ఏ అంకె ఎవరు చెప్పారో ఒక్కో వాక్యం. అభ్యంతరం ఉంటే ఏ మూలం ఎందుకు సరిపోదో చెప్పగలరు."

ఇందులో "మీరు" అనే మాటే లేదు చూడండి. వ్యాసంలోకి నేరుగా ఎక్కించగలిగే ప్రతిపాదన ఉంది, కాదనేవాళ్లు దేని గురించి మాట్లాడాలో కూడా ఉంది. అవతలి వాడుకరిని పింగ్ చెయ్యండి, అంటే నోటిఫికేషన్ వెళ్లేలా పేరు పెట్టి పిలవండి. పింగ్ మూస, నాలుగు టిల్డాల (~~~~) సంతకం రెండూ ఒకే దిద్దుబాటులో ఉండాలి. సంతకం మరిచిపోయి తర్వాత విడిగా చేరిస్తే నోటిఫికేషన్ వెళ్లదు. "పిలిచినా పలకలేదు" అని కోపాలు తెచ్చుకునే సందర్భాల్లో చాలావాటికి కారణం ఇదే.

రెండు మూడు రోజులు ఆగండి. జవాబు రాకపోతే మీ ప్రతిపాదన వ్యాసంలో పెట్టి, సారాంశంలో "చర్చ పేజీలో వివరించాను" అని రాయండి. సారాంశానికి 500 అక్షరాల చోటుంది, కానీ వాదన అక్కడ వద్దు. చర్చ సారాంశాల్లో నడిస్తే అది చర్చగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మీ ఇద్దరే ఉండి, చర్చ పేజీలో కొంత మాట్లాడుకున్నాక కూడా తేలకపోతే "థర్డ్ ఒపీనియన్" పేజీలో అడగండి. అక్కడ ఒక్క వాక్యం, తటస్థంగా, చర్చకి లింకుతో. సంతకం బదులు ఐదు టిల్డాలు కొడితే తేదీ మాత్రమే పడుతుంది, పేరు పడదు. సంబంధం లేని మూడో మనిషి వచ్చి అభిప్రాయం చెబుతారు. దానికి కట్టుబడాలనేం లేదు గానీ, ఇలాంటి చిన్న తగాదాలకి తరచుగా అది చాలు. ముగ్గురు నలుగురు ఉంటే డిస్ప్యూట్ రిజల్యూషన్ నోటీస్‌బోర్డు ఉంది. ముందు చర్చ పేజీలో గట్టిగా చర్చ జరిగి ఉంటేనే కేసు తీసుకుంటారు, పాల్గొనమని ఎవరినీ బలవంతపెట్టరు.

అప్పటికీ తెగకపోతే ఆర్ఎఫ్‌సీ, అంటే మిగతా వాడుకరులందరి అభిప్రాయం అడిగే చర్చ. మూసలో సినిమాలకి మీడియా కోడ్ పెట్టాలి. ముప్పై రోజుల తర్వాత బాట్ (దానంతటదే పనిచేసే ప్రోగ్రామ్) ఆ మూస తీసేస్తుంది. ప్రశ్న చిన్నదిగా, ఎటూ మొగ్గకుండా ఉండాలి. "నిర్మాతల ప్రచార అంకెని ఇంకా ఉంచాలా?" అనేది చెడ్డ ప్రశ్న. "ఇన్ఫోబాక్స్‌లో గ్రాస్‌గా ఏది ఉండాలి: 210, 265, లేక రెండూ పరిధిగా?" అనేది మంచి ప్రశ్న. మీ వాదన ప్రశ్నలో కాకుండా కింద, అందరితో పాటు రాయండి. చివర్లో ఓట్లు లెక్కపెట్టరు, వాదనలు విధానాలకి ఎంత నిలబడ్డాయో చూస్తారు.

మూలాలవేట

పైన చెప్పిన పద్ధతి సరే. కానీ ఈ అంకెల గొడవల్లో చాలాభాగం అసలు గొడవే కాదు. మూలాలని పక్కపక్కన పెట్టి చదవకుండా కొట్టుకోవడం. చర్చకి వెళ్లేముందు రెండు వార్తలూ మళ్లీ తెరవండి.

మొదట, అది గ్రాసేనా? మన ట్రేడ్ వార్తలు ఎక్కువగా షేర్‌లో మాట్లాడతాయి. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం, పన్నుతో సహా. పన్ను పోగా నెట్. అందులో థియేటర్ అద్దె, ఎగ్జిబిటర్ వాటా పోను పంపిణీదారు చేతికొచ్చేది షేర్. ఇన్ఫోబాక్స్‌లోని గడి గ్రాస్ కోసమే. షేర్‌నో హిందీ వెర్షన్ నెట్‌నో తెచ్చి అందులో పెట్టడం, ఒక మూలం నుంచి దేశంలో వసూళ్లు, ఇంకో మూలం నుంచి ఓవర్సీస్ తీసుకుని సొంతంగా కూడటం, ఇవి రోజూ కనపడే తప్పులు. గ్రాస్‌నీ నెట్‌నీ కలిపితే వచ్చే అంకె ఏ మూలంలోనూ ఉండదు, సొంత పరిశోధన కింద తీసేస్తారు.

తర్వాత, తేదీ. పది రోజుల వసూళ్ల వార్తకీ, ఫుల్ రన్ వార్తకీ తేడా ఉండటం సహజం. 210, 265 రెండూ నిజమే కావచ్చు.

ఇక అంకె ఎవరిది? మన దేశంలో వసూళ్లని అధికారికంగా లెక్కకట్టి ప్రకటించే కేంద్ర సంస్థ లేదు. ఉన్నవన్నీ అంచనాలే. నిర్మాత పోస్టర్ స్వతంత్ర మూలం కాదు, దాన్ని వంద వెబ్‌సైట్లు ఎత్తిరాసినా ఒక్క మూలమే. వార్తలో "మేకర్స్ ప్రకటించారు", "పోస్టర్ విడుదల చేశారు" అని ఉందేమో చూసి, ఆ వాక్యాన్నే చర్చ పేజీలో కోట్ చెయ్యండి. ఇంగ్లిష్ వికీలో భారతీయ సినిమా వ్యాసాలు చూసుకునే వాడుకరుల బృందం, ఇండియన్ సినిమా టాస్క్ ఫోర్స్ వాళ్లు, ఏ ప్రచురణ నమ్మదగినది, ఏది కాదు అని జాబితా పెట్టుకున్నారు. "నాకు నమ్మకం లేదు" అనే బదులు ఆ జాబితా చూపిస్తే వాదన సగానికి తగ్గుతుంది.

చివరిది, అందరూ వదిలేసేది. పత్రిక ఆ అంకెని వికీపీడియా నుంచే తీసుకుందేమో చూడాలి. వ్యాసం చరిత్రలో ఆ అంకె మొదటిసారి ఎప్పుడు వచ్చిందో వికీబ్లేమ్‌తో గానీ, "హూ రోట్ దట్" పొడిగింతతో గానీ వెతకొచ్చు. మూలం లేకుండా 12వ తేదీన వ్యాసంలోకి ఎక్కిన అంకె 15వ తేదీ వార్తలో, ఎవరు చెప్పారో లేకుండా కనపడితే, ఆ వార్తని మూలంగా వాడకపోవడమే మేలు.

గోదారిగట్టు

చూశాను. పత్రిక వార్త రెండో వారాంతం తర్వాతిది. పోస్టర్ నాలుగో వారంలోది. రెండూ గ్రాసే. మరి ఇప్పుడు పరిధి పెట్టడం సరైనదేనా? వాట్సాప్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

మూలాలవేట

అయితే పరిధి వద్దు. పరిధి అంటే ఒకే కాలానికి వేర్వేరు అంచనాలు ఉన్నాయని అర్థం, ఇక్కడ కాలాలే వేరు. విభాగంలో "రెండో వారాంతానికి ₹210 కోట్లని ఫలానా పత్రిక అంచనా, నాలుగో వారంలో ₹265 కోట్లని నిర్మాణ సంస్థ ప్రకటన" అని రెండు వాక్యాలు పెట్టండి. ఇన్ఫోబాక్స్‌లో ఏముండాలన్నదే ఇక మిగిలిన ప్రశ్న. ఫుల్ రన్‌కి స్వతంత్ర మూలం కోసం ముందు గట్టిగా వెతకండి. దొరక్కపోతే ఆ గడిని కొన్నాళ్లు ఖాళీగా ఉంచుదామని ప్రతిపాదించడం నాకు అన్నిటికన్నా సబబుగా అనిపిస్తుంది. ఇన్ఫోబాక్స్‌లో "నిర్మాతల ప్రకారం" అని వివరించేంత చోటుండదు, అక్కడ పెట్టిన అంకెని చదివేవాళ్లు తేలిన నిజంగా తీసుకుంటారు.

మీ చర్చ పేజీ ప్రతిపాదన పాతదై ఉంటే దాన్ని చెరిపి రాయకండి. ఎవరైనా జవాబిచ్చాక పాత మాట మారిస్తే వాళ్ల జవాబుకి అర్థం పోతుంది. పాతదాని మీద గీత కొట్టి, కింద కొత్తది రాసి సంతకం చెయ్యండి.

నోటీసుబోర్డు

వాట్సాప్‌లో పిలవకండి. మీవైపు ఉంటారని తెలిసినవాళ్లనే పిలవడం క్యాన్వాసింగ్, వికీ బయట పిలిస్తే ఇంకా చెడ్డది, ఎందుకంటే ఎవరెవరిని పిలిచారో ఎవరికీ కనపడదు. అభిమాన సంఘాల నుంచి ఖాతాలు వరసగా దిగడం తెలుగు, తమిళ సినిమా వ్యాసాలు చూసేవాళ్లకి బాగా అలవాటైన దృశ్యం. అంతవరకు సినిమా వ్యాసాల జోలికి రాని నలుగురు ఒకే గంటలో "మద్దతు" అని రాస్తే, నలుగురూ వేర్వేరు మనుషులే అయినా ఒక్కరిగానే లెక్కిస్తారు, పైగా సాక్‌పప్పెట్ (ఒకరే నడిపే దొంగ ఖాతాల) విచారణ పెడతారు. ఆ విచారణ చేసే చెక్‌యూజర్లకి ఐపీ, బ్రౌజర్ వివరాలు కనపడతాయి. ఒకే ఇంట్లో ఒకే వైఫై మీద ఇద్దరు రాస్తుంటే వాడుకరి పేజీలో ముందే చెప్పుకోవడం మంచిది.

జనం కావాలంటే ఇండియన్ సినిమా టాస్క్ ఫోర్స్ చర్చ పేజీలో ఒక్క లైను: "ఫలానా వ్యాసంలో గ్రాస్ అంకె మీద చర్చ జరుగుతోంది, అభిప్రాయాలు చెప్పగలరు", కింద లింకు. మీ పక్షం ఏదో అందులో తెలియకూడదు. ఇదివరకు ఆ వ్యాసంలో చర్చించినవాళ్లని పిలవాలంటే, అటువాళ్లనీ ఇటువాళ్లనీ అందరినీ పిలవాలి.

అవతలివారు చర్చకి రాకుండా రివర్టులే చేస్తూ పోతే ఎడిట్ వార్ నోటీస్‌బోర్డుకి వెళ్లొచ్చు. అక్కడ కావలసినవి: ఒక్కో రివర్టుకీ డిఫ్ లింకు, మీరు హెచ్చరించిన డిఫ్, చర్చ పేజీలో మాట్లాడేందుకు ప్రయత్నించిన డిఫ్, రిపోర్టు చేసినట్టు వాళ్ల పేజీలో తెలియజేసిన డిఫ్. చరిత్ర ట్యాబ్‌లో రెండు గుండ్రని గుర్తులు ఎంచుకుని పోల్చి చూడు నొక్కితే వచ్చే పేజీ అడ్రసే డిఫ్ లింకు. "చరిత్ర చూడండి, మీకే తెలుస్తుంది" అని రాసే రిపోర్టులు ముందుకి సాగవు. అక్కడ మీ రివర్టులు కూడా చూస్తారని గుర్తుంచుకోండి. ఇప్పుడే ఆగితే మీ వైపు రికార్డు రెండు దగ్గర ఆగుతుంది.

రచ్చబండ_పక్కన

తెలుగు వికీపీడియాలోనూ ఇదే సినిమా వ్యాసం ఉంటుంది కాబట్టి ఒక మాట. ఇంగ్లిష్‌లో తేలిన ఏకాభిప్రాయం తెలుగు వికీకి వర్తించదు, ఇటుదీ అటు వర్తించదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీకి తన విధానాలు తనకున్నాయి. "ఇంగ్లిష్‌లో ఇలా ఉంది" అనేది ఇక్కడ మూలం కాదు. అక్కడి నుంచి అనువదిస్తే అంకెతో పాటు దాని మూలాన్ని కూడా తెచ్చి, తెరిచి చదివి పెట్టండి.

ఇక్కడ క్రమం తప్పకుండా రాసేవాళ్లు తక్కువ. అందువల్ల వరస మెట్లన్నీ ఎక్కనక్కర్లేదు. వ్యాసం చర్చ పేజీలో రాసి, రచ్చబండలో (తెలుగు వికీలో అందరూ మాట్లాడుకునే పేజీలో) దానికి లింకుతో ఒక లైను పెట్టి, ఓ వారం చూస్తే సాధారణంగా చాలు. చర్చ మాత్రం రచ్చబండలో కాకుండా వ్యాసం చర్చ పేజీలోనే నడిపించండి. రచ్చబండలో జరిగింది పాత చర్చల కింద వెళ్లిపోతుంది, ఏడాది తర్వాత అదే అంకె మార్చడానికి వచ్చిన కొత్త వాడుకరికి అది దొరకదు.

ఇంగ్లిష్ వికీలో కొత్తగా రాసేవాళ్లకి ఇంకో రివర్టు కూడా ఎదురవుతుంది. తెలుగు సినిమా వ్యాసం మొదటి వాక్యంలో పేరుని తెలుగు లిపిలో చేరిస్తే తీసేస్తారు. అది తెలుగు మీద చిన్నచూపు కాదు. ఏ వ్యాసంలో ఏ ఏ భాషల లిపులు పెట్టాలనే గొడవలు తెగక, భారతదేశ వ్యాసాల ప్రవేశికలోనూ (మొదటి పరిచయ భాగంలోనూ) ఇన్ఫోబాక్స్‌లోనూ భారతీయ లిపులు పెట్టకూడదని అక్కడ చర్చించి తీసుకున్న నిర్ణయం. హిందీకీ తమిళానికీ అదే వర్తిస్తుంది, భాషలు, లిపుల మీద ఉన్న వ్యాసాల వంటివాటికి మినహాయింపు ఉంది. దాని మీద ఒక్కో సినిమా పేజీలో రివర్టులు చేసి లాభం లేదు. మార్చాలనుకుంటే ఆ నియమం ఉన్న పేజీ చర్చలోనే ప్రతిపాదించాలి.