కోడి మాంసాన్ని వండే ముందు కడగాలా, వద్దా?

ప్రశ్న (విజయనగరం)
ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో ఈ వాదన తప్పడం లేదు. కొట్టు నుంచి తెచ్చిన కోడి మాంసాన్ని పసుపు, ఉప్పు వేసి మూడు నీళ్లు కడగనిదే పొయ్యి ఎక్కించకూడదని మా అత్తగారు అంటారు. నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి మాత్రం, కడగడం వల్లే క్రిములు వంటగదంతా చేరతాయని చెబుతోంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నట్టే తోస్తోంది. తెలిసినవారు కారణంతో సహా చెప్పగలరు.

జవాబు (బొబ్బిలి)
అమ్మా, మీ అత్తగారి మాట తీసిపారేయదగినది కాదు. కడగవద్దనే సలహా పుట్టిన దేశాల్లో మాంసాన్ని శుభ్రం చేసి, చల్లబరిచి, పొట్లం కట్టి అమ్ముతారు. మన దగ్గర కోడిని కళ్లెదుటే కోసి, అదే మొద్దు మీద వరసగా కొట్టి సంచిలో వేసి ఇస్తారు. పోయిన వారం నేను తెచ్చిన కిలోలో రెక్కల మొదళ్ల దగ్గర ఈక మొలకలు, వెన్నును అంటుకుని గడ్డకట్టిన రక్తం, వేలికి గుచ్చుకునే ఎముక రవ్వలు ఉన్నాయి. వీటిని కడగకుండా ఎలా వండుతాం?

జవాబు (శ్రీకాకుళం)
బొబ్బిలి వారు చెప్పినది నిజమే కానీ, కడిగితే పోయేది కంటికి కనిపించే మురికి మాత్రమే. కోడి పేగుల్లో ఉండే సాల్మొనెల్లా, కాంపిలోబ్యాక్టర్ వంటి క్రిములు కోసేటప్పుడు మాంసానికి అంటుకుంటాయి. పసుపు నీళ్లకూ ఉప్పు నీళ్లకూ అవి లొంగవు, ముక్క లోపలి దాకా 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితేనే చస్తాయి. బాగా ఉడికిన కూరకు ఆ వేడి ఎలాగూ అందుతుంది. కాబట్టి నా భయం కూర గురించి కాదు, పక్కన పచ్చిగా తినే వాటి గురించి.

అమెరికా వ్యవసాయ శాఖ 2019లో వెలువరించిన అధ్యయనంలో, మాంసానికి గుర్తుగా పూసిన హానిలేని క్రిములు, కడిగినవారిలో 60 శాతం మంది సింకుల్లో కనిపించాయి; శుభ్రం చేయబోయిన తర్వాత కూడా 14 శాతం సింకుల్లో మిగిలాయి. కడిగినవారిలో 26 శాతం మంది, కడగనివారిలో 31 శాతం మంది చేసిన పచ్చి ఆకుల సలాడ్‌లోకి కూడా అవి చేరాయి. అంటే కడగడం మానేసినంత మాత్రాన గండం తప్పలేదు. చేతులు, పనిముట్లు కూడా వాటిని మోశాయి.

మా ఇంట్లో ఉన్నది ఒకటే కత్తిపీట. దాని మీద ముక్కలు సరిచేసి, నీళ్లతో ఒకసారి తొలిచి, నంజుకోవడానికి ఉల్లిపాయ చక్రాలు కోసేవాళ్లం. ఒకరోజు బ్లేడు కొయ్యలో దిగిన సందులో గోరు పెడితే జిగురు అంటింది. అప్పటి నుంచి ఉల్లిపాయ, నిమ్మకాయ ముందే కోసి పక్కన పెడుతున్నాం. కడగక తప్పనప్పుడు కొళాయి ధార కింద పెట్టకుండా, వెడల్పు గిన్నెలోని నీళ్లలో ముంచి, ఈకలు తీసి, ఆ నీళ్లను మెల్లగా వంపుతాం; వెంటనే గిన్నెను, సింకును, చేతులను సబ్బుతో కడుగుతాం.

జవాబు (పలాస)
కడగడం గురించి ఇంత చర్చించి, నిల్వ సంగతి విడిచిపెట్టారు. బయట వేడి 32 డిగ్రీలు దాటితే పచ్చి మాంసాన్ని గంటకు మించి గట్టు మీద ఉంచకూడదు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల లోపు, రసం కారని డబ్బాలో, కింది అరలో ఉంచి, ఒకటి రెండు రోజుల్లో వండేయాలి. గడ్డకట్టించిన దాన్ని ముందు రాత్రే ఫ్రీజర్ నుంచి కింది అరలోకి దింపాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తెరవకపోతే చలువ 48 గంటలు నిలుస్తుంది కానీ, మేము పూటకోసారి తెరిచి చూశాం. బాగా ఉడికిస్తే ఏమీ కాదని మా వదిన గారు వాదించారు. కొన్ని క్రిములు వదిలే విషం ఉడికినా విరగదని చెప్పి, కిలోన్నర మాంసాన్ని పెరట్లో లోతుగా పాతిపెట్టాను. అప్పుడు ఆవిడ నొచ్చుకున్నారు. ఇప్పటికీ నేను చేసినది సరైనదనే అనుకుంటున్నాను.

జవాబు (బొబ్బిలి)
గిన్నెలో ముంచే పద్ధతికి నాకు అభ్యంతరం లేదు, ఇకపై అలాగే చేస్తాను. పసుపు మాత్రం మానను. అది క్రిముల కోసం కాదు, నీచు వాసన పోవడానికి.