డ్రాగన్ల యుద్ధం సిరీస్, పూర్తయినది ఒకటి చెప్పండబ్బా

బురుజు_పక్కిల్లు:
మా తమ్ముడు ఇంటర్ సెకండియర్. సింహాసనం కోసం కొట్టుకునే ఆ పెద్ద సిరీస్, అదే గేమ్ ఆఫ్ థ్రోన్స్ కథ, అయిదు పుస్తకాలూ నమిలేశాడు. 2011లో వచ్చిన అయిదోదే ఆఖరు, ఆరోదాని కోసం వాడు ఎదురుచూస్తానే ఉన్నాడు. ఇప్పుడు డ్రాగన్లు ఉండాలి, యుద్ధం ఉండాలి, రాసినవాళ్ళు కథ ముగించి ఉండాలి అంటాడు. నలుగురికీ తెలియనిదైతే ఇంకా మేలు, ఫ్రెండ్స్ దగ్గర గొప్ప చెప్పుకోవచ్చు కదా. ఇంగ్లీషు మరీ కష్టంగా ఉండకూడదు. కర్నూల్లో యాడ దొరుకుతుందో కూడా చెప్పండి.

పెన్నా_ఒడ్డు:
కళ్ళు మూసుకుని టెమెరైర్ మొదలుపెట్టించు. నయోమి నోవిక్ రాసింది. తొమ్మిది పుస్తకాలు, 2006లో మొదలై 2016లో ముగిసింది. నెపోలియన్ యుద్ధాలే, కాకపోతే రెండు వైపులా డ్రాగన్ల దళాలుంటాయి. ఒక్కో పెద్ద డ్రాగన్ మీద ఓడలో ఉన్నట్టు సిబ్బంది, తుపాకులు, బాంబులు. లారెన్స్ అని ఇంగ్లీషు నౌకా కెప్టెన్ ఒక ఫ్రెంచి ఓడను పట్టుకుంటాడు, అందులో ఒక గుడ్డు దొరుకుతుంది. అది తీరం చేరేలోపు నడిసముద్రంలోనే పగులుతుంది. బయటికొచ్చిన డ్రాగన్ పిల్ల (టెమెరైర్ అంటే అదే), దాన్ని మచ్చిక చేసుకోమని పంపిన కుర్రాణ్ణి కాదని లారెన్స్‌ను ఎంచుకుంటుంది. ఆయన ఉద్యోగం, పెళ్ళి సంబంధం, పరువు అన్నీ ఆ ఒక్క రోజుతో తలకిందులు. నేను మూడుసార్లు చదివాను. మన దగ్గర దీని పేరెత్తేవాళ్ళే లేరు.

కడప_కారం:
ఆ సిరీస్ పేరెత్తితే నాకు కడుపు మండుతుంది. మొదటి పుస్తకానికి బ్రిటన్‌లో టెమెరైర్ అని పేరు, అమెరికాలో హిజ్ మెజెస్టీస్ డ్రాగన్ అని పేరు. లోపల కథ ఒకటే! నాకది తెలియక ఒకటోదీ రెండోదీ అనుకుని ఆన్‌లైన్‌లో రెండూ తెప్పించాను. రెండోది తెరిస్తే మళ్ళీ అదే ఓడ, అదే గుడ్డు. ప్రింటింగ్ తప్పేమో అనుకుని ముప్పై పేజీలు చదివాను కూడా. వెనక్కి పంపుదామంటే గడువు దాటిపోయింది.

సంగటి_ముద్ద:
వింగ్స్ ఆఫ్ ఫైర్ ఎవరూ చెప్పరేం? టుయ్ సదర్లాండ్ రాసింది. డ్రాగన్ తెగల మధ్య ఇరవై ఏళ్ళుగా యుద్ధం, ముగ్గురు అక్కచెల్లెళ్ళు రాణి పీఠం కోసం. మా పాప ఏడో తరగతి, తిండి మానేసి చదివింది. కానీ షాపులో అడిగితే అబ్దుల్ కలాం గారి ఆత్మకథ చేతిలో పెట్టారు. పేరు అదే కదా మరి. పాప మొహం చూడాలి. నాకేమో వద్దనడానికి మొహమాటం, అదీ కొనుక్కొచ్చాను.

పెన్నా_ఒడ్డు:
అక్కా, అది చిన్నపిల్లలది. పైగా బయట అందరికీ తెలిసిందే. అడిగిందేమో ఎవరికీ తెలియనిది.

సంగటి_ముద్ద:
చిన్నపిల్లలదా? మొదటి పుస్తకం మొదటి పేజీల్లోనే ఒక డ్రాగన్ చావు ఉంది. నువ్వు చదివి మాట్లాడు నాయనా.

గొర్రెలమంద_అనంతపురం:
నేను మొదటి టెమెరైర్ మాత్రం చదివినా. నచ్చింది. కానీ మేపు సంగతే నాకు నమ్మకం కుదరలేదు. ఒక్కోటి ఏనుగులను మించిన బరువు, ఆవులనూ గొర్రెలనూ పచ్చిగా మింగుతా ఉంటాయి. దళానికి పది డ్రాగన్లు అనుకున్నా వారం తిరిగేసరికి మా ఊరి మందలు ఖాళీ. నాకు నూట ఇరవై గొర్రెలున్నాయి, వేసవిలో గడ్డి కోసం ఎన్ని ఊర్లు తిరుగుతానో నాకే తెలుసు. అంత మందను ఎవరు మేపుతారు, ఎవరు తోలుకొస్తారు? రాసినామెకు ఆ గోడు తెలియదు.

పెన్నా_ఒడ్డు:
అన్నా, తిండి సంగతి ఆమె వదిలేయలేదు. ఓడ మీద పిల్లకు మేత చాలక చేపలు పట్టించేది నువ్వు చదివిందే కదా. రెండో పుస్తకంలో చైనా పోతారు, అక్కడ డ్రాగన్లకు వండి పెడతారు. మసాలా దట్టించి. మనవాడికి ఆ రుచి తగిలాక పచ్చి మాంసం సయించదు, వంటవాణ్ణే వెంట తెచ్చుకుంటారు.

గొర్రెలమంద_అనంతపురం:
వండినా గొర్రె గొర్రే. లెక్క తగ్గదు.

కడప_కారం:
గంజిలో కలిపి పెడితే తగ్గుతుంది. మా ఇంట్లో పదిమందికి అరకిలో మటన్‌తో పులుసు కాచేవాళ్ళు.

రిటైర్డ్_హిస్టరీ:
ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, ఒక మాట చెప్పాలి. మీరంతా నెపోలియన్ ఎక్కడో ఉన్నాడనుకుంటున్నారు. ఈ సిరీస్ అయిదో పుస్తకంలో వచ్చే ఇంగ్లీషు సేనాని వెల్లెస్లీ మనకు కొత్తవాడు కాదు. 1799లో శ్రీరంగపట్నం యుద్ధంలో ఉన్నాడు, 1800లో మైసూరు వైపు తిరుగుబాటు చేసిన ధోండియా వాఘ్‌ను తరిమింది అతడే. అదే ఏడు నిజాం మన జిల్లాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు. కంపెనీ కలెక్టర్ మన్రో అనంతపురంలో కూర్చుని పాలెగాళ్ళను అణిచాడు. ఆ పాలెగాళ్ళ చేతిలో రెండు డ్రాగన్లు ఉండుంటే? గండికోట లోయలో దాక్కోవడానికి చోటు కూడా ఉంది. ఎవరైనా రాయండయ్యా.

తుంగభద్ర_గట్టు:
సార్, అనంతపురం, కడపతో పాటు కర్నూలు కూడా 1800లోనే పోయింది కదా, దాని పేరెత్తరేం?

రిటైర్డ్_హిస్టరీ:
పోలేదు. కర్నూలు 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది. ఇది కూడా తెలియకుండా తుంగభద్ర అని పేరు పెట్టుకున్నారా?

తుంగభద్ర_గట్టు:
పేరుకూ దానికీ ఏం సంబంధం? నవాబు కంపెనీకి కప్పం కడుతూ ఉంటే అది ఉన్నట్టా, పోయినట్టా? పాఠాలు చెప్పిన అలవాటు ఇక్కడ చూపించొద్దు.

రిటైర్డ్_హిస్టరీ:
కప్పం కట్టడం వేరు, జిల్లా కావడం వేరు. మా పిల్లలు పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేసేవాణ్ణి.

సంగటి_ముద్ద:
డ్రాగన్లు ఎక్కడికి పోయాయి స్వామీ?

మిద్దె_మీద_చదువు:
తెలుగు మీడియంలో చదివినవాణ్ణి, ఇంగ్లీషు గురించి నేను చెప్తా. టెమెరైర్ భాష రెండువందల ఏళ్ళ కిందటి దొరలు మాట్లాడినట్టు ఉంటుంది, వాక్యాలు పొడుగు. మొదటి యాభై పేజీలు నాకు చుక్కలు కనిపించాయి. తర్వాత అలవాటైపోయింది. నాకు బాగా నచ్చింది ఒకటుంది. గుడ్డులో ఉండగానే బయటి మాటలు విని భాష నేర్చుకుంటాయి ఈ డ్రాగన్లు. పుట్టీ పుట్టగానే మాట్లాడతాయి. అభిమన్యుడు గుర్తొచ్చాడు. మా ఆదోనిలో పొదిగితే బయటికొస్తూనే "యాడికి పోతివి ఇంతసేపు" అంటుంది.

గొర్రెలమంద_అనంతపురం:
అనేది "ఆకలైతాంది" అని.

తుంగభద్ర_గట్టు:
సినిమా తీస్తున్నారని అప్పట్లో విన్నాను?

పెన్నా_ఒడ్డు:
లార్డ్ ఆఫ్ ది రింగ్స్ తీసిన పీటర్ జాక్సన్ 2006లో హక్కులు తీసుకున్నాడు. సినిమా మాత్రం రాలేదు. అసలు ఈ సిరీస్ బలం యుద్ధంలో కూడా లేదు. మాట్లాడే జీవి, లెక్కలు చేసే జీవి, దాన్ని జీతం లేకుండా యుద్ధానికి ఎట్లా తోలుతారు అని టెమెరైరే అడగడం మొదలుపెడతాడు. అక్కణ్ణుంచి కథ వేరే అవుతుంది. నాలుగో పుస్తకం చివర లారెన్స్ తన దేశం మాట కాదని శత్రువులకు ఆ మందు...

మిద్దె_మీద_చదువు:
ఆపు!! నేనింకా మూడో పుస్తకంలో ఉన్నాను. బుద్ధుందా?

పెన్నా_ఒడ్డు:
సారీ సారీ. సగమే చెప్పాను.

మిద్దె_మీద_చదువు:
ఆ సగం చాల్లేదా? ఏ మందో, ఎవరికో నాకు అర్థమైపోయింది. నెల జీతంలో మిగిల్చి ఒక్కోటి కొనుక్కుంటున్నాను నేను.

కడప_కారం:
బాధపడొద్దు తమ్ముడూ, ఆరోది ఆస్ట్రేలియా ఎడారిలో నడుస్తూనే ఉంటుంది, నడుస్తూనే ఉంటుంది. ఎనిమిదోదాంట్లో హీరోకు జ్ఞాపకశక్తి పోతుంది, మన పాత సినిమాల్లో లాగా. అంత కడుపు మండినా తొమ్మిదీ చదివాను చూడు, అదీ నా బతుకు.

బురుజు_పక్కిల్లు:
అన్నలూ అక్కలూ, కర్నూల్లో యాడ దొరుకుతుందని అడిగాను.

రిటైర్డ్_హిస్టరీ:
కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది, వెళ్ళి చూడమ్మా.

సంగటి_ముద్ద:
సార్, అక్కడికి తాళపత్రాల కోసం పోతారు, డ్రాగన్ల కోసం కాదు.

కడప_కారం:
ఎవరూ వెతకొద్దు. నా దగ్గర రెండోసారి కొన్న కాపీ అట్లే ఉంది, ముప్పై పేజీల దాకే మడతలు. బస్సు కార్గోలో వేస్తాను, మెసేజ్‌లో అడ్రస్ పెట్టు. డబ్బులేం వద్దు.

బురుజు_పక్కిల్లు:
చానా థాంక్స్ అన్నా! తమ్ముడికి చెప్పాను, గంతులేస్తున్నాడు. రెండోది కూడా నీ దగ్గర రెండు కాపీలున్నాయా అని అడుగుతున్నాడు.

తుంగభద్ర_గట్టు:
1839లో నవాబును దించేదాకా కర్నూలు ఎవరి మాట వినేది, అది చెప్పండి సార్.